తాళపుచెవి ఎవరిచేత?

(హుజూరాబాదునందు రైతులును, సహకారసంఘ సభ్యులును కూడిన సభలో చేసిన ఉపన్యాసపాఠము)



గిడ్డంగులనుగూర్చి మాటలాడుడని మీరు కోరితిరి. ఇది సభలలో చెప్పదగిన విషయమా యని కొందరు సందేహింపవచ్చును. నీటినిగూర్చి, ఎరువునుగూర్చి, ధరనుగూర్చి చెప్పువారు పెక్కుమంది కలరు. కోసిన పంటకును చేతికి వచ్చిన ధరకును నడుమ నాలుగు గోడలును, ఒక తలుపును, ఒక తాళమును ఉన్నవని తలచువారు అరుదు. ఆ తాళపుచెవి ఎవరిచేత నున్నదో ధరయు వారిచేతనే యున్నదని మా నిశ్చయము. ఈ యొక్క మాటను మీ ముందుంచుటకే మేము వచ్చితిమి.

యాసంగి కోతలనాడు కరీంనగరమునుండి హుజూరాబాదు మీదుగా వరంగల్లు పోవు బాటను చూచినవారికి మేము వేరుగ వర్ణింపనక్కర లేదు. బాటకు ఒకప్రక్క బండ్లు పోవుచుండును. మరియొకప్రక్క వడ్లు ఆరుచుండును. రైతు పగలు గింజలను కాళ్లతో తిరుగద్రొక్కుచు, రాత్రి టార్పాలిను అంచుమీద రాళ్లు పేర్చి వాటినడుమ పండుకొనును. ఆకాశమున ఒక మబ్బు కానవచ్చెనా, ఇంటిల్లిపాదియు పరుగెత్తవలసినదే. ఆరుమాసములు కాపాడిన పంట అరగంట వానకు మొలకెత్తిపోవుటను మనము ఎన్నిమారులు చూడలేదు!

ఇట్లేల కలుగుచున్నది? పూర్వము కోత కొడవలితో నెలదినములు సాగెడిది. మెద కట్టి, కుప్ప వేసి, తీరికగ నూర్చుకొనువరకు గింజ తనంత తానే ఆరెడిది. ఇప్పుడు కోతయంత్రము వచ్చి ఊరి పంటనంతయు వారము దినములలో ముగించుచున్నది. గింజ పచ్చిగనే రాలుచున్నది. అందరి గింజయు ఒక్కమారే రాలుచున్నది. శ్రీరామసాగరపు కాకతీయ కాలువ నీరు, బావుల నీరు, చెరువుల నీరు కలసి పంటను పెంచినవి. తెలంగాణమున ప్రభుత్వము కొనుగోలుచేసిన వడ్లు 2014-15లో సుమారు 24 లక్షల టన్నులుకాగా, 2020-21లో 141 లక్షల టన్నులైనవి. కొనుగోలు ఆరింతలకు దగ్గరగ పెరిగినది. పంటను ఆరబెట్టు కళ్లములును, దాచు కప్పులును ఆ వేగమున పెరిగినవా? రైతు ఇంటిలోని గుమ్మి మాత్రము పెరుగలేదు సరికదా, మాయమైపోయినది.

మన పెద్దలకు నిలువచేయు విద్య తెలియనిది కాదు. వెదురుతో అల్లి పేడయు మట్టియు మెత్తిన గుమ్మియు, ఇంటిలోపల కట్టిన గరిసెయు, నేలలో త్రవ్వి గడ్డి పరచి మూసిన పాతరయు ఊరూర నుండెడివి. పాతరలోని జొన్నలు ఏండ్లతరబడి చెడక నిలుచుటకు కారణము శాస్త్రసమ్మతమైనదే. గాలి చొరకుండ మూసినచోట గింజయు పురుగును ఉన్న ప్రాణవాయువును పీల్చివేయును. అటుపిమ్మట పురుగు బ్రతుకజాలదు. తెరచిన పాతరలోనికి వెంటనే దిగరాదను కట్టుబాటు ఇందువలననే పుట్టినది. నేడు ఆఫ్రికాఖండపు రైతులు అలసందలను మూడుపొరల సంచిలో గాలి చొరకుండ కట్టి పురుగుబారినుండి కాపాడుకొనుచున్నారు. ఆ సంచిలోని రహస్యము మన పాతరలోని రహస్యమే.

కౌటిల్యుని అర్థశాస్త్రమున కోష్ఠాగారాధ్యక్షుడను ఉద్యోగి కనబడును. వచ్చిన ధాన్యములో సగము ప్రజల ఆపత్కాలమునకై ఉంచవలెననియు, తక్కిన సగము వాడుకొనవలెననియు, క్రొత్తది వచ్చినపుడు పాతదానిని మార్చవలెననియు అందు విధింపబడినది. ముందు వచ్చినది ముందు పోవలెనను నేటి గిడ్డంగుల మొదటి సూత్రము ఆనాటిదే. 'గోదాము' అను మాటవెనుకను ఒక చరిత్ర కలదు. ఇంగ్లీషువారు ఆ పదమును తూర్పుదీవుల మలయుభాషనుండి గ్రహించిరనియు, దాని మూలము మన 'గిడ్డంగి'యో, అరవవారి 'కిడంగు'యో అయియుండుననియు చెప్పు భాషాపండితులు కలరు. మాట మనదైయుండవచ్చును; తాళపుచెవి మనదైనదా?

చరిత్ర చూడుడు. గోలకొండ కోటలోని అంబార్‌ఖానా పాలకుని గాదె. అది ముట్టడినాడు కోటను పోషించుటకు కట్టబడినది. కోటవెలుపలి రైతునకు దానితో పనిలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున నిజాం ప్రభుత్వము లెవీ పేరిట ధాన్యము వసూలుచేసినపుడు, పెద్ద దేశముఖులు తప్పించుకొనగా చిన్నరైతు తిండిగింజలను సైతము కొలువవలసివచ్చెను. ఆ దినములలోనే, 1943లో, వంగదేశమున లక్షలకొలది జనులు ఆకలితో మరణించిరి. అచ్చట గింజయే లేకపోవుటకంటె, ఉన్న గింజ పేదవాని చేతికి అందని ధరకు ఎక్కుటయే ఎక్కువ ప్రాణములు తీసెనని అమర్త్యసేను మొదలగు అర్థశాస్త్రజ్ఞులు వాదించిరి. గిడ్డంగి ఎంతటి ప్రాణరక్షకమో, తప్పుడుచేతులలో పడిన అంతటి ప్రాణాంతకము.

స్వాతంత్ర్యము వచ్చినపిమ్మట ఈ సంగతిని పెద్దలు గుర్తింపకపోలేదు. గోర్వాలాగారి అధ్యక్షతను ఏర్పడిన గ్రామీణ ఋణపరిశీలన సంఘము 1951-52లో దేశమున రైతుల అప్పులను లెక్కించి చూచెను. రైతు తెచ్చిన అప్పులో సహకారసంఘములు ఇచ్చినది నూటికి 3 పాళ్లు మాత్రమే. వడ్డీవ్యాపారులు ఇచ్చినది నూటికి 70 పాళ్లకు దగ్గర. అప్పు ఇచ్చువాడే పంట కొనువాడైనపుడు రైతు ధర అడుగజాలడు. కావున ఋణము, అమ్మకము, గిడ్డంగి అను మూడును ఒక్క త్రాటిపై నడువవలెనని ఆ సంఘము చెప్పెను. ఆ సూచననుబట్టి 1956లో చట్టము వచ్చెను. 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థయు, 1958లో ఆంధ్రప్రదేశ్ గిడ్డంగుల సంస్థయు వెలసినవి. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడెను. రాష్ట్రవిభజనానంతరము తెలంగాణమునకు వేరుగ గిడ్డంగుల సంస్థ ఏర్పడినది.

ఇన్ని సంస్థలుండియు లోటేమి యందురా? ఈ గిడ్డంగులలో రైతు వేసిన గింజలు విశేషముగ ఉండును. రైతు పేరిట ఉన్న గింజలు మాత్రము స్వల్పము. గింజ కల్లమునుండి కదలినంతనే సర్కారుదో, మిల్లుదో, వర్తకునిదో అగుచున్నది. వేచియుండు శక్తి కొనినవానికి దక్కుచున్నది. పండించినవానికి దక్కుట లేదు.

గిడ్డంగిని మన చేతికి తెచ్చుకొనవలెనన్న అది నడచు తీరును ముందుగా మనము నేర్వవలెను. నాలుగు గోడలు కట్టి రేకులు కప్పినంతమాత్రమున అది గిడ్డంగి కాజాలదు.

గిడ్డంగి నేల చుట్టుప్రక్కల భూమికంటె రెండున్నర అడుగుల ఎత్తున నుండవలెను. అపుడే నేలతేమయు, వాననీరును, ఎలుకయు దూరముగ నుండును. తలుపువద్దకు వచ్చిన ప్రతిబండిని తూచవలెను; బస్తాకు బొద్దుసూది గ్రుచ్చి గింజ తీసి చూడవలెను. తాలు ఎంత, రంగుమారినది ఎంత, పురుగు కలదా, తేమ ఎంత? మన రైతులు 'మాచర్' అని చెప్పుకొనునది ఈ తేమయే. వడ్లకు కొనుగోలునాడు నూటికి 17 పాళ్లవరకు తేమ అంగీకరింతురు. చిరకాలము నిలువకు మాత్రము 14 దాటరాదు. దాటినచో గింజ ఊపిరి వేగము హెచ్చును, లోపల వేడి పుట్టును, బూజు పట్టును, బియ్యము పసుపుబారును.

పిమ్మట బస్తాలను చెక్కబల్లలమీద దొంతరలుగ పేర్చవలెను. నేలను తాకరాదు, గోడను తాకరాదు. దొంతరకును గోడకును నడుమ మనిషి నడచునంత సందు విడువవలెను. ఆ సందు విడిచినందున చోటు వ్యర్థమైనదని తలచు అధికారి గిడ్డంగిని ఎరుగనివాడు. ఆ సందులో నడచినవాడే ముక్కపురుగును, నుసిపురుగును, పిండిపురుగును మొదట కనిపెట్టును. 15 దినముల కొకసారి ప్రతిదొంతరను పరీక్షింపవలెను. పురుగు కనబడినచో దొంతరపై గాలిచొరని పట్టా కప్పి, అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలనుంచి వారము దినములు మూసియుంచెదరు. ఆ బిళ్లలనుండి వెడలు వాయువు మనుష్యప్రాణమును సైతము తీయును. శిక్షణ పొందినవారు తప్ప ఒరులు వానిని ముట్టరాదు. మనము పండుకొను ఇంటిలో వాడుట ఎన్నడును కూడదు.

ఇంక అన్నిటికంటె ముఖ్యమైనది లెక్క. ప్రతిదొంతరకు ఒక చీటి యుండవలెను: ఎవరిది, ఎన్నడు వచ్చినది, ఎన్ని బస్తాలు, ఎంత తూకము, ఎంత తేమ, ఎన్నడెంత పోయినది. ఈ లెక్కలో తేమను వ్రాయకున్న దొంగతనమునకు తలుపు తెరచినట్లే. ఎట్లనిన, 17 పాళ్ల తేమగల 100 కిలోల వడ్లు 14 పాళ్లకు ఆరినపుడు 96½ కిలోలే నిలుచును. ఈ మూడున్నర కిలోల తగ్గుదల న్యాయమైనది, సూర్యుడు తీసికొనినది. తేమ వ్రాయనిచోట గుమాస్తా పది కిలోలు తీసి 'ఆరిపోయినది' అనవచ్చును. నిజముగ ఆరిన మూడున్నర కిలోలకై కాపలావాడు దొంగయని నింద మోయవచ్చును. కొనుగోలు కల్లములలో తరుగనియు, కడ్తా యనియు బస్తాకింతని కోయుటను రైతు ఏల సహించుచున్నాడు? తేమ అంకెయు, తూకపు అంకెయు తన చేతి కాగితముమీద లేనందుననే. దడువాయి కాటాను చూచుట మనకు తెలియును. తేమయంత్రమును చూచుటకూడ మన యువకులు నేర్వవలెను. అది ఒక పూటలో వచ్చు విద్య.

ఈ లెక్కనుండి పుట్టిన బిడ్డయే రసీదు. సద్గిడ్డంగి ఇచ్చు రసీదు అనగా గింజ కాగితరూపము ధరించుట. గింజ గిడ్డంగిలో నిదురించుచుండగా రసీదు బ్యాంకుకు నడచిపోయి అప్పు తెచ్చును. అంగడికి పోయి అమ్ముడగును. అమెరికాదేశమున గిడ్డంగులకు లైసెన్సిచ్చి రసీదులకు విలువ కల్పించు చట్టము 1916లోనే వెలసెను. మనకు అట్టి చట్టము 2007లో వచ్చి, 2010లో అమలులోనికి వచ్చినది. నమోదైన గిడ్డంగి నిర్ణీతమైన పూచీ చూపవలెను, సరుకుకు భీమా చేయవలెను. 2017నుండి ఈ రసీదు కాగితముగాక ఎలక్ట్రానిక్ రూపమున సైతము పుట్టుచున్నది. చెరిపివ్రాయుటకును, ఒక్క సరుకును రెండుచోట్ల కుదువబెట్టుటకును వీలు తగ్గినది. కిసాన్ క్రెడిట్ కార్డుగల చిన్న, సన్నకారు రైతులు ఇట్టి రసీదుపై పంట అనంతరము ఆరునెలలవరకు 7 పాళ్ల వడ్డీకే అప్పు పొందు ఏర్పాటుకూడ జరిగినది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మార్కెటు కమిటీలు రైతు సరుకును తమ గోదాములలో కుదువబెట్టుకొని, విలువలో నూటికి 75 పాళ్లవరకు అప్పిచ్చు పథకమొకటి నడచినది. దాని పేరు రైతుబంధు. ఆ పేరే 2018 మే 10వ తేదీన ఈ హుజూరాబాదు మండలముననే ప్రారంభమైన పెట్టుబడిసాయమునకు పెట్టబడెను. రెండవదానిని ఎరుగనివారు లేరు. మొదటిదానిని ఎరిగినవారు ఈ సభలో ఎందరు? ఉచితముగ వచ్చిన సాయము జ్ఞాపకముండి, మన గింజయే మనకు తెచ్చిపెట్టు అప్పు మరపునకు వచ్చుట విచారకరము.

అయితే మేము మిమ్ము భ్రమపెట్టదలచుకొనలేదు. నిలువచేసిన ప్రతిగింజయు లాభము తెచ్చునని చెప్పువాడు మిత్రుడు కాడు. వడ్లకు కోతలనాడే సర్కారు మద్దతుధర నిచ్చి కొనుచున్నంతకాలము వానిని దాచుటవలన మిగులునది తక్కువ. వడ్లకు కావలసినది ఆరబెట్టు చోటును, నాలుగు దినముల కప్పును. మక్కలు, పసుపు, పత్తివంటి పంటల సంగతి వేరు. ఒక లెక్క వేసికొందము. 20 క్వింటాళ్ల మక్కలు, క్వింటాలు రు. 2,000 అనుకొందము. విలువ రు. 40,000. దానిపై రు. 28,000 అప్పు తీసికొని నాలుగునెలలు ఆగినచో 7 పాళ్ల వడ్డీ సుమారు రు. 650. బస్తాకు నెలకు రు. 8 అద్దె అనుకొన్నచో 40 బస్తాలకు నాలుగునెలలకు రు. 1,280. రెండును కలసి క్వింటాలుకు నూరు రూపాయలకు దగ్గర. అనగా ధర నూటికి 5 పాళ్లు పెరిగినపుడు మాత్రమే ఖర్చు గిట్టును. అంతకుమించి పెరిగినదే లాభము. ఈ లెక్క వేసికొని ఆగువాడు బుద్ధిమంతుడు. లెక్కలేక ఆగువాడు జూదరి. ఆగుటకు వీలే లేక అమ్ముకొనువాడు దీనుడు. మన రైతు మూడవ స్థితిలో నున్నాడు. అతనిని మొదటి స్థితికి తెచ్చుటయే మన పని.

ప్రక్కనున్న జమ్మికుంట పత్తిమార్కెటును తలచుకొనుడు. పత్తికి తేమ 8 పాళ్లున్న పూర్తి మద్దతుధర; 12 దాటిన పత్తి సంస్థవారు కొనరు. ఆరబెట్ట చోటులేని రైతు తడిపత్తిని దళారికి ఇచ్చివేయును. లేదా ఇంటిలో గోడనుండి గోడవరకు నింపి, ఒడలు దురదలు పుట్టి, పిల్లలతో వాకిట పండుకొనును. ఒక్క నిప్పురవ్వ పడెనా, పత్తియు ఇల్లును రెండును పోవును. ఊరి కొక్క కప్పును, ఇసుకబకెట్లును, నీటితొట్టియు ఉన్నచో ఈ భయము తీరదా?

విత్తనముల సంగతియు చూడుడు. హుజూరాబాదు ప్రాంతము సంకరజాతి వరివిత్తనములకు పేరుపొందినది. మగవరుస, ఆడవరుస నాటి, పుప్పొడికై త్రాళ్లు లాగి, మన స్త్రీలు ఎండలో చేసిన పనియే ఆ విత్తనము. నూరు గింజలలో 80 మొలవనిచో అది విత్తనముగ చెల్లదు. విత్తనములోని తేమ ఒక పాలు తగ్గిన, లేక నిలువచేసిన చోటి వేడి 5 డిగ్రీలు తగ్గిన, దాని ఆయువు రెట్టింపగునని విత్తనశాస్త్రజ్ఞులు స్థూలముగ చెప్పుదురు. మన పొలమున పుట్టిన విత్తనము కంపెనీల చల్లని గిడ్డంగులలో ఆయువు పోసికొని, మరుసటియేడు మన దుకాణములకే పలురెట్ల ధరతో తిరిగివచ్చును. పండించు విద్య మనకు వచ్చినది. దాచు విద్య వారికి వచ్చినది. ధరలోని తేడాలో మంచి పాలు ఈ తేడాయే.

ఇది మనకు సాధ్యమా యని అడుగుదురేమో. దూరదేశముల దృష్టాంతము లేల? ఇచ్చటికి దాపుననే, 2016వరకు మన జిల్లాలోనే యుండిన భీమదేవరపల్లి మండలమున ముల్కనూరు కలదు. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి పూనికతో 373 మంది సభ్యులు చేరి అచ్చట సహకార గ్రామీణబ్యాంకును స్థాపించిరి. వారు చేసిన ఘనకార్య మేమనగా, గోర్వాలాసంఘము పుస్తకమున వ్రాసినదానిని ఊరిలో చేసిచూపుట. సంఘమే అప్పిచ్చును, ఎరువిచ్చును. సంఘమే పంట కొని, తన గిడ్డంగిలో నుంచి, తన మిల్లులో ఆడించి, విత్తనము శుద్ధిచేసి అమ్మును. అప్పు పంటలో చెల్లిపోవును. మిగిలిన లాభము పంట వేసినవానికి వేసినంతకు తగినట్లు తిరిగివచ్చును. ఆ గిడ్డంగి తాళపుచెవి సభ్యుల చేతనున్నది. అరువదియేండ్లు దాటియు అది నిలిచియుండుటకు ఇంతకంటె వేరు రహస్యము లేదని మేము తలతుము.

2023లో కేంద్రప్రభుత్వము ప్రాథమిక సహకారసంఘములయందే ధాన్యపు గిడ్డంగులు కట్టించు పెద్దపథకమును ఆమోదించినది. ప్రయోగముగ 11 రాష్ట్రములలో కట్టిన 11 గిడ్డంగులు 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైనవి. అందు తెలంగాణమునకు వచ్చినది పూర్వపు కరీంనగరు జిల్లాలోని గంభీరావుపేటయే. కావున ఇటుకలకు, రేకులకు దారి తెరువబడుచున్నది. అయితే ఇటుకలతోపాటు సద్వర్తనము రాదు. దానిని మనమే సమకూర్చుకొనవలెను. గిడ్డంగి కట్టించి, దానిని ఏడాదిబాడుగకు వర్తకునికే ఇచ్చివేసి, అద్దె వచ్చినదని సంతసించు సంఘము రైతుసంఘము కాదు, ఇంటియజమాని.

మేము మీనుండి కోరునది నాలుగు పనులు. ఒకటి, ఊరి సంఘపు గిడ్డంగిలో మూడవవంతు చోటైనను సభ్యుల సరుకుకే విడువవలెనని సర్వసభ్యసమావేశమున తీర్మానింపుడు. రెండు, ఆ గిడ్డంగిని చట్టప్రకారము నమోదు చేయించి, బ్యాంకు అంగీకరించు రసీదు ఇప్పింపుడు. మూడు, చదువుకొని ఊరనే యున్న యువతీయువకులలో ఇద్దరికి తేమయంత్రము, దొంతరచీటి, పురుగుపరీక్ష నేర్పి, వారికి న్యాయమైన జీతము ఏర్పరుపుడు. బస్తా మోయు హమాలీల కూలిని, వారి ఆరోగ్యమును మరువకుడు. వారి భుజముమీదనే గిడ్డంగి నిలిచియున్నది. నాలుగు, నెలకొకసారి గిడ్డంగి లెక్కను గ్రామపంచాయతి గోడమీద అందరు చదువునట్లు వ్రాయింపుడు. చీకటిలో బూజు పట్టునది గింజ ఒక్కటియే కాదు.

సోదరులారా, రైతు పేదరికమునకు వానలేమి యొక కారణము, అప్పు యొక కారణము. తొందర మరియొక కారణము. కోసిన దినమే అమ్ముకొనవలసిన తొందర. ఆ తొందరను నాలుగు గోడలు మాన్పగలవు, ఆ గోడలలోపలి లెక్క సరిగనున్నచో. మన తాతలు గుమ్మికి పేడమట్టి మెత్తి, దానికి పసుపుకుంకుమలు పెట్టి మ్రొక్కిరి. మనము ఆ మ్రొక్కును లెక్కపుస్తకముమీద ఉంచుదము. రాబోవు యాసంగినాటికి ఈ బాటప్రక్కన వడ్లనడుమ పండుకొను రైతులు పదిమందియైనను తగ్గినచో ఈ సభ సార్థకమైనట్లే.

తాళము సిద్ధముగనున్నది. చెవికై చేయి చాపుడు.